చేను లేని డబ్బా

ఇట్లా రా తల్లీ, ఇంకొంచెం దగ్గరికి. ఆ చేట ఈడ పెట్టు. బియ్యంలో రాళ్ళు నేనేరతా గాని, నువ్వు చెవి ఇటియ్యి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఏండ్లు. ముద్దనూరు అవతల కొండల్లో ఎర్రకోన అని ఒకటి. కోన ముంగిట బండ మీద ఒక ముసలాయప్ప కూర్చోని, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా తగరపు డబ్బా కొడతా ఉండేవాడు.

పిట్టల్ని తోలేదానికి చేలో డబ్బా కొడతారు. ఆడ చేనే లేదు.

అందుకే ఆయప్పకు డబ్బా ఖాదర్ అని పేరు పెట్టి, దారిన పోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఒక ఆదివారం కోన చూడాలని జమ్మలమడుగు నుంచి ముగ్గురు వచ్చినారు. ఆఫీసు గుమాస్తా జనార్దనం, ఆయన పెండ్లాం వైదేహి, ఆయమ్మ తమ్ముడు పార్థసారథి.

పార్థసారథి ప్రొద్దుటూరు టెంటులో ఏదో అడివి సినిమా మూడు మార్లు చూసినాడంట. నెత్తిన టోపీ, చేతికి గడియారం.

"దారి తప్పితే సూర్యుణ్ణి చూసుకుంటే చాలు బావా. సినిమాలో దొర అట్లే బయటపడినాడు."

"ఆ దొర ఎంబడి మీ అక్క ఉండిందా, అడుగడుక్కీ కూర్చునేది?"

"చాల్లెండి మీ ఎకసెక్కాలు," అని వైదేహి కూర్చోబోయింది. చేతిలో నీళ్ళ కూజా రాయికి తగిలి రెండు చెక్కలాయె.

పార్థసారథి కండ్లు డబ్బా మీద పడినాయి.

"ఓ సాయిబూ, ఆ డబ్బా ఇటియ్యి. నీళ్ళకు కావాల. సాయంత్రం ఇచ్చేస్తాం."

ముసలాయప్ప చెయ్యి ఆగింది.

"వద్దు సామీ. రొట్టెలుండాయి, తీసుకోండి. కంబళి తీసుకోండి. డబ్బా మాత్రం అడగొద్దండి."

"ఏందప్పా, బంగారు డబ్బానా?"

"మీరు లోపలికి పోతాండారు గదా సామీ, అందుకే వద్దంటాండా."

"మేం లోపలికి పోతే నీ చేలో పిట్టలు పడతాయా?"

బావాబామ్మర్దులు పగలబడి నవ్వినారు. వైదేహి మాత్రం మొగం చిట్లించింది.

"సాయిబు డబ్బాలో నీళ్ళా?"

"ఇసకేసి తోమితే పోతుందిలే అక్కా."

లాక్కున్నాడు. వంకలో చెలమ కాడ బాగా తోమి, నీళ్ళు నింపుకొని లోపలికి పోయినారు.

"పొద్దు వాలకముందే వచ్చేయండి సామీ!" అని ఎనక నుంచి ముసలాయప్ప కేకేసినాడు.

"అమ్మయ్య, ఆ మోత ఆగింది. తలకాయ నొప్పి వదిలింది," అనింది వైదేహి.

కోన లోపల ఎటు చూసినా అదే ఎర్రబండ, అదే కంపచెట్టు. మధ్యాన్నం తిరిగేసరికి వచ్చిన దారి యాడుందో ఎవరికీ తెలీలేదు. ఆ బండల నడుమ సూర్యుడు కనపడితే గదా చూసుకునేది! గడియారం టైము చెప్తాంది గాని దారి చెప్పలా.

నీళ్ళు అయిపోయినాయి. పార్థసారథి కోపమంతా డబ్బా మీద చూపించి ఒక్క తన్ను తన్నినాడు. అది లోయలోకి దొర్లి, కోనంతా మోగి, సద్దణిగింది.

పొద్దు వాలుతుండగా ఒక గొంతు వినపడింది.

"సామీ! ఓ సామీ! యాడుండారు? పలకండి!"

వైదేహి లేచి నిలబడింది. "ఆ ముసలాయనే! పలకరా తమ్ముడూ!"

"ఉష్! డబ్బా కోసం ఎంబడి పడినాడు. చేతిలో కత్తి ఉంటే?"

"అది చూస్తే లోయలో పడె. అడిగితే ఏమని చెప్తాం?" జనార్దనం కూడా గొంతు తగ్గించినాడు.

ముగ్గురూ బండ చాటున ఊపిరి బిగబట్టుకున్నారు. గొంతు దగ్గరికొచ్చింది. దాటిపోయింది. లోయ తట్టుకు పోయి, ఆడ నిలిచిపోయింది.

నిన్న ఉన్నట్టుండి డబ్బా మోత ఆగిపోయిందేందని, తెల్లారినాక కోన పక్క పల్లెలో ఉండే మా చిన్నత్త వెంకటసుబ్బమ్మ వచ్చింది. బండ మీద ఎవరూ లేకపోయేసరికి నలుగురు గొర్లకాపర్లను పిల్చుకొని లోపలికి పోయింది. నాలుకలు పిడచగట్టిన ముగ్గురూ ఆమె సొరకాయ బుర్రలో నీళ్ళు గటగటా తాగినారు. ఎవరి నీళ్ళని అడగలా.

"ఖాదరన్న యాడమ్మా?" అని అడిగింది అత్త.

అప్పుడు కూడా ఎవరూ పలకలా.

లోయలో దొరికినాడు. డబ్బా మోగిన తట్టుకే పోయి, చీకట్లో కాలు జారినట్టుంది. సొట్టపోయిన డబ్బా పక్కనే ఉంది.

"డబ్బా కోసం వచ్చినాడనుకుంటిమి," అని వైదేహి ఏడ్చింది.

మా అత్త ఆ డబ్బా ఒళ్ళోకి తీసుకునింది.

"ఆయనది పులివెందుల తల్లీ, తగరం పనోడు. ఇరవై ఏండ్ల కింద జమ్మలమడుగు సంతకని అడ్డదారి పట్టి, ఈ కోనలో మూడు దినాలు తప్పిపోయినాడు. ముంగిట మా నాయన జొన్నచేను ఉండె. మా నాయన పిట్టల్ని తోలే మోత పట్టుకొని బయటపడినాడు. కరువొచ్చి చేను పాయె, మా నాయనా పాయె. ఇంక మోత లేకపోతే తప్పిపోయినోళ్ళు ఎట్లా వస్తారని, తన పని ఇడిసిపెట్టి వచ్చి కూర్చున్నాడు. నన్నే రెండు మార్లు బయటికి తెచ్చినాడమ్మా, ఆ బండ మీద నుంచి లేవకుండానే."

ఇది మతిలో పెట్టుకో తల్లీ, నలుగురికీ చెప్పు. ఎవరన్నా ఎర్రకోనకు పోతామంటే ముందుగా చెప్పు, ఆ బండ మీద ఇప్పుడు ఎవరూ లేరని.