వీపు చూపే బొజ్జోడు

అన్నయ్య గీసిన బూతు బొమ్మల కథలు జిరాక్సు కాగితాల మీద చాటుమాటుగా చేతులు మారేవి. వాటిలో హీరో బొజ్జోడు ఎప్పుడూ మనకు వీపే చూపిస్తాడు.

"వీడి ముఖం ఎందుకు గీయవు?" అని అడిగితే, "వాడు ఇటు తిరిగితే మనం ఉండంరా," అని నవ్వేవాడు.

అన్నయ్య పోయాడు. ఇప్పుడు ఆ కథల్నే పెద్దలకు మాత్రమే చూపించే కార్టూన్ సినిమాగా తీస్తున్నారు. దానికి బొమ్మలు గీసేది నేనే.

"ముఖం లేని హీరోని ఎవడు చూస్తాడయ్యా? తెల్లారేసరికి తిప్పెయ్," అన్నాడు డైరెక్టర్.

పన్నెండు బొమ్మల్లో వాడు పూర్తిగా తిరగాలి. తొమ్మిది గీసేసరికి స్టూడియోలో నేనొక్కడినే మిగిలాను. మిగతా మూడూ గీయడానికి చెయ్యి రాలేదు. కదలిక సరిచూద్దామని కాగితాలను బొటనవేలితో రెపరెపలాడించాను. బొజ్జోడి భుజం తిరిగింది, చెవి కనబడింది, చెంప కనబడింది.

తొమ్మిదో కాగితం దగ్గర నా బొటనవేలు ఆగింది.

రెపరెప మాత్రం ఆగలేదు.