ఆరిపోకూడని ఫోన్

ఫోన్‌లో పాప నిద్రపోతూ కనిపిస్తోంది. మారెన్ దాని మీంచి కళ్ళు తిప్పడం లేదు.

ఫెర్రీ రేవు వదిలి చాలాసేపయింది. పన్ను పీకించుకోవడానికి అవతలి ఒడ్డుకి ప్రయాణం. డాగ్నీ పుట్టాక పాపని వదిలి గడప దాటడం ఇదే మొదలు.

"ఇంటి దగ్గర మీ ఆయన టోర్కిల్ ఉన్నాడుగా. ఆ ఫోన్‌ని కాస్త ఊపిరి తీసుకోనియ్యవే," అంది ఎదురుగా కూచుని స్వెటర్ అల్లుతున్న పక్కింటి గుడ్రున్.

"షెడ్డులో పడవకి గరగర సానపడుతున్నాడు పెద్దమ్మా. నేను చూస్తుంటా, నువ్వెళ్ళి పాపని లేపకు అని చెప్పి వచ్చా."

ఆ ద్వీపంలో పిల్లలందరిలాగే డాగ్నీకీ పగటి నిద్ర ఆరుబయటే. ఎంత మంచు పడ్డా సరే. షెడ్డు గోడ పక్కన పాప బండి ఆపి, దాని గొడుగుకి టోర్కిల్ వాడే ఫోన్ కట్టారు. అది చూసేదంతా మారెన్ ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ యాప్‌లో బోలెడు హెచ్చరిక గంటలు. పాప కదిలితే ఒకటి, ఏడిస్తే ఒకటి. పాప ఉలిక్కిపడుతుందని మారెన్ అన్నీ ఆపించింది. బండిలో ఫోన్ గొంతు కూడా బాగా తగ్గించింది. ఒక్క గంటని మాత్రం యాప్ ఆపనివ్వలేదు, తగ్గించనివ్వలేదు. అది దేనికో చదివే ఓపిక లేకపోయింది.

చలికి బండిలో ఫోన్ ఆగిపోతుందేమోనని పవర్ బ్యాంక్ తగిలించింది. అదీ చల్లబడకూడదని పాప కాళ్ళ దగ్గర ఈకల దుప్పటి కింద దోపింది.

ఓడలో మైకు మోగింది. పవర్ బ్యాంకులు కోట్ల కింద, సంచుల్లో పెట్టి ఫోన్లు ఛార్జింగ్ చేయవద్దు. ఉబ్బినవి ఉంటే సిబ్బందికి అప్పగించండి.

"నాదీ మొన్న బన్నులా ఉబ్బింది," అంది గుడ్రున్. "బల్ల మీద పెడితే ఉయ్యాలలా ఊగేది. తీసుకెళ్ళి చెత్త కేంద్రంలో ఇచ్చొచ్చా."

మారెన్ చేతిలో కాఫీ ఆగిపోయింది. పొద్దున తనది కూడా ఊగింది. బల్ల కాలు పొట్టిదేమో అనుకుంది.

ఫోన్‌ని మొహం దగ్గరకి తెచ్చుకుంది. పాప నోటి ముందు సన్నగా ఆవిరి. ఊపిరి. చలికి మామూలే.

ఇంకో ఆవిరి కూడా లేస్తోంది. పాప కాళ్ళ దగ్గర్నుంచి.

"టోర్కిల్!" ఫోన్‌లోకి అరిచింది. "టోర్కిల్! పాపని తియ్యి!"

అమ్మ గొంతు విని డాగ్నీ నిద్రలోనే నవ్వింది. అంతే. షెడ్డులో సాన మోత ఆగలేదు.

"వాడికి ఫోన్ చెయ్యవే!" అంది గుడ్రున్.

"తన ఫోనే బండిలో ఉంది!"

"అయితే పక్కింటివాళ్ళకి చెయ్యి!"

"పక్కిల్లు మీదే కదా పెద్దమ్మా!"

ఓడ పనివాడు ప్రెబెన్ పరుగున వచ్చాడు. సంగతి విని తన ఫోన్‌లోంచి అగ్నిమాపక దళాన్ని పిలిచాడు. "బయల్దేరారమ్మా. ద్వీపం ఆ చివర్నుంచి రావాలి."

"ఓడ వెనక్కి తిప్పండి! మీ కాళ్ళు పట్టుకుంటా!"

"నడిసముద్రంలో ఉన్నాం తల్లీ. తిప్పినా ఇంతే, ముందుకెళ్ళినా ఇంతే."

అప్పుడే మారెన్ ఫోన్ మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. రెండు శాతం.

"అయ్యో, ఇది ఆరిపోకూడదు! ఇది ఆరిపోతే నా పిల్లకి దిక్కెవరు? ఎవరైనా ఛార్జింగ్ ఇవ్వండి!"

ఆ ఫెర్రీలో పక్కవాడికి నమస్కారం పెట్టడానికే మొహమాటపడే మనుషులు, అందరూ లేచారు. పాత ఓడ, గోడకి ప్లగ్గుల్లేవు. ఒకరి తీగ పట్టలేదు. ఇంకొకరి దాంట్లో చుక్క లేదు. ఆఖరికి ఒక లారీ డ్రైవర్ కోటు జేబులోంచి పవర్ బ్యాంక్ తీశాడు. దాని మీద ఒక్క దీపమే మినుకుమంటోంది.

"ఒళ్ళో వద్దు, ఇలా ఉత్త బల్ల మీద పెట్టు," అన్నాడు ప్రెబెన్.

ఫోన్ బతికింది.

మారెన్ బల్ల మీదకి వంగిపోయింది. కాళ్ళ దగ్గర ఆవిరి చిక్కబడుతోంది. దుప్పటి మూల గోధుమరంగుకి తిరుగుతోంది. వేలితో ఆ మూలని పక్కకి నెట్టింది. గాజు మీద వేలు జారింది. మళ్ళీ నెట్టింది.

"తన్ను బంగారం, దుప్పటి తన్నెయ్యి! ఒక్కసారి తన్ను!"

డాగ్నీ చెయ్యి కదిపి మళ్ళీ పడుకుంది.

"ఇంకెవరి దగ్గరా లేదా?" డ్రైవర్ ఓడంతా తిరుగుతూ అరిచాడు. "ఎవరి దగ్గరైనా సరే, కాస్త! చంటిపిల్ల!"

లేదు. ఆ ఒక్క దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. రెండు శాతం ఒకటయింది. మారెన్ ఫోన్‌ని రెండు చేతుల్లో పొదివి పట్టుకుంది, వెచ్చగా ఉంటే బతుకుతుందన్నట్టు.

తెర నల్లబడింది.

మారెన్ ఓడ నేల మీద కూలబడిపోయింది. గుడ్రున్ అల్లిక పారేసి పక్కన కూచుని తల నిమిరింది. ఇంజను చప్పుడొక్కటే.

అంతలో గుడ్రున్ ఫోన్ మోగింది. ఆవిడ పేరు చూసింది. టోర్కిల్.

మారెన్ లాక్కుంది. "పాప? పాప?"

"నా భుజం మీదుంది. ఒక్క గీత కూడా పడలేదు, ఏడవకు. ఆ దిక్కుమాలిన డబ్బాని పారతో ఎత్తి మంచులో పడేసి ఇసుక పోశా. ఇంకా బుస్సుమంటోంది."

మారెన్ ఫోన్ చెవికి అదుముకుంది. "నీకు... నీకెలా తెలిసింది?"

"ఎలాగేంటి, నీ ఫోన్ ఆరిపోయిందని బండిలో ఫోన్ ఊరంతా వినబడేలా కూత పెట్టింది కదా, నీది ఇంకాస్త ముందే ఆరిపోయుంటే ఈ దుప్పటి కూడా మాడేది కాదు."