తోలుకోటు గరుత్మంతుడు

“ఇది ఎవరు గీసేరో మీరే చెప్పాలండి,” అంటూ గుడి కమిటీ పెద్ద బుచ్చిరాజు గారు తన ఫోను లక్ష్మీపతి ఘనపాఠి గారి చేతిలో పెట్టారు.

తెర మీద, గీసినవాళ్ల పేరు లేని ఓ బొమ్మల కథ. అందులో గరుత్మంతుడు. తోలుకోటు తొడుక్కుని బోడసకుర్రు వంతెన అంచున నిలబడ్డాడు. సవతి ఇంట్లో దాసీగా మగ్గుతున్న తల్లి వినతను విడిపించాలంటే అమృతం తేవాలి. ఆ అమృతమేమో ఓడలరేవు సముద్రంలో, గ్యాసు బావి దగ్గర దాచి ఉంది. నల్లకళ్లద్దాల ఇంద్రుడు దానికి కాపలా.

“దేవుళ్లకి ఈ వేషాలేవిటండీ? ఎవడో సినిమా పిచ్చోడు గీసుంటాడు.”

“నేనూ అలాగే అనుకున్నానండి. కాస్త కిందకి జరపండి. రెక్కలు రావాలంటే ఇతగాడు మంత్రాన్ని ఘనలో చెప్పాలంట. చెప్పేడండి. రామచంద్రపురం పండితులకి చూపిస్తే ఒక్క తప్పు లేదన్నారు.”

ఘనపాఠి గారు పెదవులు కదుపుతూ చదివారు. మంత్రంలోని మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి పలికే ఘన, ఏళ్ల తరబడి గురువు ముందు కూర్చుంటే గాని రాదు. ఆ ఇంట్లో పొద్దున్నే తండ్రీకొడుకులు ఘన చెబుతుంటే వంటింటి నుంచి వీధి చివరిదాకా వినబడుతుంది. ఆయన ముఖం పాలిపోయింది.

“ఈ చుట్టుపక్కల ఘన వచ్చినవాళ్లు మీరూ మీ అబ్బాయేనండి,” అని నసిగారు బుచ్చిరాజు గారు. “మన పాఠశాలలో వేదం చెప్పడానికి కృష్ణతేజనే వేద్దామని సాయంత్రం కమిటీ కూర్చుంటోందాయె.”

కాఫీ గ్లాసులతో వస్తున్న ఘనపాఠి గారి భార్య వేదవతి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

పిలిస్తే కృష్ణతేజ వచ్చాడు. ఫోను చూశాడు. తల్లి వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు.

“నువ్వేనట్రా?”

“నేనే నాన్నగారూ.”

“సిగ్గు లేదూ? నీకు ఘన నేర్పింది ఈ కోతిబొమ్మలకా?” ఆయన భార్య మీదికి తిరిగారు. “మాట్లాడవేం? ఈ బొమ్మల పిచ్చి మీ పుట్టింటిదేగా!”

వేదవతి నోరు తెరిచింది. అంతలోనే మూసుకుని గ్లాసులు బల్ల మీద పెట్టింది. పరాయి మనిషి ఎదుట ప్రాణం చచ్చిపోయింది. ఇంత సిగ్గు ఆమె పుట్టి బుద్ధెరిగాక పడలేదు.

“ఏవనుకోకండమ్మా,” అన్నారు బుచ్చిరాజు గారు. “మా మనవరాలు దీనికోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుందండి. కానీ గురువుగారే ఇలాంటివి గీస్తే పిల్లల్నెవరు పంపుతారండీ? ఆ ఉద్యోగం మాట ఇంక మర్చిపోవాలండి.”

“మర్చిపోయాం లెండి,” అన్నాడు కృష్ణతేజ, తండ్రి నోరు విప్పేలోపే.

బుచ్చిరాజు గారు కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయారు. ఘనపాఠి గారు కండువా భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుడి దారి పట్టారు.

వేదవతి వంటింట్లో పీట మీద కూలబడింది. కొడుకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“నా మొహం చూడకురా. నీ నోటికాడి కూడు పోతుంటే గుడ్లప్పగించి నిలబడ్డాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట రాలేదు నాకు.”

“పోతే పోయిందిలే. వేదం ఇంకో ఊళ్లో చెప్పుకుంటాను. పాపం ఆ వినతే, ఇంకా దాసీగానే ఉండిపోయింది.”

“ఇప్పుడు దాని గొడవెందుకురా?”

కృష్ణతేజ చల్లారిన కాఫీ గ్లాసు ఒకటి తల్లి చేతిలో పెట్టాడు.

“తరవాతి భాగం ఎప్పుడు గీస్తావమ్మా?”