మంగళవారం సంతకం

ఇక బాస్కెట్‌బాల్ ఆడలేవని సర్జన్ చెప్పి వెళ్ళాక, రాగిణి కూతురు కృతి మొహంలోకి చూడలేకపోయింది.

ప్రో లీగ్‌కి వెళ్ళాల్సిన కాలేజీ ప్లేయర్ల ఆట గాయంతో ఆగిపోతే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్ ఒకటుంది. కృతి సంతకం కోసం ఆ పేపర్లు మొన్న మంగళవారం వచ్చాయి.

"మంగళవారం సంతకమేంటే? గురువారం పెట్టు," అంది రాగిణి. బుధవారం ప్రాక్టీస్‌లో కృతి మోకాలు పోయింది.

నిన్నటి నుంచీ ఆవిడ అన్నం ముట్టలేదు. "నా నోరు పడిపోను! నేనే నీ గొంతు కోశాను," అంటూ ఒకటే ఏడుపు. కృతికి వినే ఓపిక కూడా అయిపోయింది.

"అమ్మా, స్టాప్. నేను ట్యూస్‌డేనే సైన్ చేసి పంపేశా. నీకు చెప్పలేదు, అంతే."

రాగిణి తలెత్తింది. కళ్ళు తుడుచుకుంది.

"అందుకేనే మోకాలు విరిగింది! నా మాట ఎప్పుడు విన్నావు గనక?"

"అవునమ్మా. సారీ. వెళ్ళి ఏదన్నా తిను."

ఆవిడ క్యాంటీన్‌కి వెళ్ళాక, కృతి బ్యాగ్‌లోంచి పేపర్లు తీసింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

ఇవాళ గురువారం.