రాతి మీద చెయ్యి

“ఒక్కరే లోపలికి. గోడ ముట్టుకోవద్దు. ఊపిరి కూడా కాస్త చూసి వదలండి,” అన్నాడు అడవి గార్డు, కంచె గొలుసు తీస్తూ.

“ఊపిరికే చెరిగిపోయే బొమ్మైతే మీరన్నట్టు ఐదువేల ఏళ్లు ఎలా నిలిచిందయ్యా?” అంది దర్జీ భార్య.

“అప్పట్లో టూరిస్టులు లేరు కదమ్మా!”

మరో రోజైతే దర్జీ నవ్వేవాడే. కాలిబాట మొదలైన దగ్గర్నుంచీ అతని చెయ్యి జేబులోని కొలత టేపును వదల్లేదు.

బాట చివర పెద్ద బండ. దాని కింద గుహలాంటి చోటు. లోపల గోడ మీద ఎర్రమట్టితో అద్దిన చిన్న చెయ్యి, ఒకే ఒక్కటి. ఆదిమానవుల నాటిదని బయట బోర్డు. నాలుగేళ్ల కిందట వాళ్ల మూడేళ్ల పాప అందరికంటే ముందు పరుగెత్తి ఈ బండ చాటుకే మళ్లింది. మళ్లీ కనబడలేదు. పోలీసులొచ్చారు, కుక్కలొచ్చాయి, వాగులన్నీ గాలించారు. దొరికినవి రెండు చెప్పులు. అవీ ఆ గోడ కింద, ఇంటి గుమ్మంలో విడిచినంత పొందికగా.

అప్పటినుంచీ భార్యది ఒకటే మాట: ఆ చెయ్యి పాపది, ఏటేటా పెరుగుతోంది. పుట్టినరోజు వచ్చిందంటే సైజు పెంచి గౌను కుట్టమంటుంది. దర్జీ నోరెత్తకుండా కుడతాడు. బీరువాలో మూడు గౌన్లు, ఒక్కటీ నలగలేదు. నిరుడు ఆమె పోరు పడలేక చేతిని టేపుతో కొలిచాడు. ఐదుంబావు అంగుళాలు వచ్చింది. ఈ ఏడూ అంతే ఉంటే ఇక ఇక్కడికి రానని ఆమె మాటిచ్చింది.

“మీరే వెళ్లి కొలుచుకోవచ్చుగా అమ్మా?” అన్నాడు గార్డు.

“నా కళ్లను నేనే నమ్మను బాబూ. పాప సంగతొస్తే అవి నా మాట వినవు. ఆయనైతే రేపిస్తానని నెల తిప్పుతారు గానీ, కొలతలో మాత్రం అబద్ధమాడరు.”

దర్జీ వంగి లోపలికి వెళ్లాడు. టేపు గోడకు తగలకుండా మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా పట్టాడు. తీశాడు. మళ్లీ పట్టాడు.

“ఎంత?”

అతను మూడోసారి పట్టాడు.

“ఏవండీ, గుడ్డ తాను మొత్తం కొలుస్తున్నారా ఏంటి? ఎంతో చెప్పండి!”

“ఐదుంబావు,” అన్నాడతను. “నిరుడెంతో ఇప్పుడూ అంతే.”

ఆమె పట్టుకున్న కంచెను వదిలింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అయితే ఈసారి గౌను వద్దులెండి. ఆ మూడూ ఎవరి పిల్లలకైనా ఇచ్చేద్దాం. బీరువాలో ఊరికే మాగిపోతున్నాయి.”

“అలాగే.”

నాలుగేళ్లలో మొదటిసారి ఆమె వెనక్కి చూడకుండా బాట దిగింది.

గార్డు గొలుసు వేస్తూ, “పాపం పిచ్చితల్లి. రాతి మీది చెయ్యి ఎక్కడైనా పెరుగుతుందా సార్?” అన్నాడు.

“పెరగదు,” అన్నాడు దర్జీ, టేపు చుట్టి జేబులో పెట్టుకుంటూ.

టేపు మీద వచ్చింది ఐదున్నర.