సైరన్ మోగాక

"వీడి మూలంగానే నా కాపురం బుగ్గిపాలవుతోంది" అనుకున్నాడు ఫ్రేములాయన, స్టూలెక్కి గోడకున్న పాత ఫోను తీగ పీకుతున్న కళ్ళజోడు కుర్రాడి వంక కొరకొరా చూస్తూ.

కళ్ళజోడు పైవాటాలో అద్దెకుంటాడు. ఇంటర్నెట్ ఫోన్లు బిగించే కంపెనీలో ఉద్యోగం. బాగా చదువుకున్నాడు, నవ్వుతూ మాట్లాడతాడు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. ఐదో తరగతిలో బడి మానేసి, అద్దాలు కోసీ మేకులు కొట్టీ చేతులు కాయలు కాసిన మనిషికి ఇంకొకణ్ణి చూసి కుళ్ళుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఇక మీ ఇంటికి ఎంగేజ్ అన్నదే ఉండదక్కా" అన్నాడు కళ్ళజోడు కిందికి దిగుతూ. "మీరు మాట్లాడుతుండగా ఇంకో ఫోనొస్తే చెవిలో టిక్కుటిక్కుమంటుంది. ఈ మీట నొక్కితే ఆ రెండోవాళ్ళు లైన్లోకొస్తారు. మొదటివాళ్ళెక్కడికీ పోరు."

'అక్కట, అక్క!' పళ్ళు నూరాడు ఫ్రేములాయన.

"పాతదే బాగుండేది" అంది అతని భార్య నెమ్మదిగా. అంతలోనే అడిగింది. "అయితే తమ్ముడూ, అవతలివాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారో కూడా ఇందులో తెలుస్తుందా?"

"అబ్బే, అది తెలీదక్కా."

ఆమె ముఖం వాడిపోయింది. ఫ్రేములాయన ఆ ముఖాన్నే చూశాడు. 'భయం పట్టుకుంది' అనుకున్నాడు. వల పన్నాలి, అదీ వాడి చేతే పన్నించాలి అని ఈ ఫోను పెట్టించిందే అతను.

అతని ఫొటోఫ్రేముల దుకాణానికి ఎదురుగా మిల్లు ఉంది. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగితే ఊరు సగానికి వినబడుతుంది, అతని ఇంటిక్కూడా. సైరన్ మోగగానే షట్టరు సగం దించి, చెక్కపొట్టు దులుపుకుని, ఇంటికి ఫోన్ చేస్తాడు. సెల్‌ఫోనంటే అతనికి పడదు, తనూ కొనలేదు, ఆమెకూ కొనివ్వలేదు. ఎక్కడో తిరుగుతూ ఇంట్లోనే ఉన్నానని చెప్పొచ్చు దాంట్లో. ఇంటి ఫోను ఎత్తిందంటే ఇంట్లో ఉన్నట్టే.

కొన్ని నెలలుగా ఆ ఫోను ఆమె ఎత్తడం లేదు. ఎప్పుడు చేసినా ఎంగేజే. ఆ కూత వింటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. రిసీవరును బల్ల మీద పడేసి, అలాగే వదిలేసి, క్యారేజీ విప్పకుండా కూర్చుంటాడు. కాసేపటికి ఆగలేక మళ్ళీ నంబరు నొక్కితే మళ్ళీ అదే కూత. ఆ కోపంలో ఎన్ని అద్దాలు వంకరగా కోశాడో.

పైగా ఆమె తనంతట తాను దుకాణానికి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది? ఒకప్పుడు చేసేది. గిరాకీ ముందు మోగిందని ఓసారి కసిరాడు. "సైరన్ మోగకముందు చేశావంటే ఊరుకోను!" అంతే, ఇక ఒక్క ఫోనూ రాలేదు. మొగుడి ధ్యాసే లేదు మహాతల్లికి.

సాయంత్రాలు ఏమీ తెలియనట్టు అడిగేవాడు. "మధ్యాహ్నం ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఎవరూ చెయ్యలేదే" అనేది తొణక్కుండా. తర్వాత అన్నం వడ్డిస్తూ, "మధ్యాహ్నాలు దుకాణంలో బాగా పనుంటోందా?" అనేది.

"నీకెందుకు? ఎప్పుడు రాకుండా ఉంటానో తెలుసుకుందామనా?"

ఆమె కంచం తీసేది.

కొత్త ఫోను పెట్టిన మర్నాడే ఆమె అన్నని పిలిపించాడు. ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే దుకాణానికొచ్చాడు.

"మీ చెల్లెల్ని తీసుకుపోండి బావగారూ. నా వల్ల కాదు."

"ఏం చేసింది?"

"రోజూ ఈ వేళకి ఎవడితోనో సొల్లు."

"చూడు బావా" అన్నాడు కండక్టరు చెమట తుడుచుకుంటూ, "టిక్కెట్టు లేనివాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని చూశాకే దింపుతాం. ఊరికే అనుమానపడి దించెయ్యం. రుజువేది?"

"ఇప్పుడే చూపిస్తా. ఈరోజు ఎంగేజ్ రాదు, నేరుగా మధ్యలో దూరతా. మీరే వినండి."

"రుజువైతే పొద్దుగూకకముందే తీసుకుపోతా. కాకపోతే మాత్రం నా చేతిలో నీకుంది."

సైరన్ మోగింది. ఫ్రేములాయన రిసీవరెత్తి నంబరు నొక్కాడు. ఇద్దరూ తలకాయలు ఆనించి రిసీవరుకి చెవులొగ్గారు. కూత రాలేదు. రింగవుతోంది.

"హలో, ఎవరండీ?" ఆమె గొంతు గాభరాగా ఉంది. "కాస్తాగండి, నేనింకో లైన్లో ఉన్నాను."

ఫ్రేములాయన బావగారి వైపు కళ్ళెగరేశాడు. కండక్టరు ముఖం నల్లబడింది.

"నేనేనే! దొరికావు!"

"మీరా?" ఆ గొంతులోకి ఏడుపొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. "మీరెక్కడున్నారసలు?"

"దుకాణంలోనే. మీ అన్న కూడా పక్కనే ఉన్నాడు, వింటున్నాడు."

"అన్నయ్యున్నాడా? మంచిదే. ఆయన ముందే చెప్పండి. రోజూ ఈ వేళకి మీరు అంతసేపు మాట్లాడేది ఎవరితో?"

"మాట మార్చకు! ఆ ఇంకో లైన్లో ఉన్నదెవడు?"

"మీ దుకాణానికే చేస్తున్నానండీ, ఎంగేజ్ వస్తోంది."