సదయ్య ఒప్పుకోడు

మళ్లీ వచ్చాడు సదయ్య.

తలుపు దగ్గర ఆ మనిషి కనబడగానే డాక్టర్ దీపకు తల ప్రాణం తోకకొచ్చింది. గోదావరిఖనిలో ఛాతీ దవాఖాన పెట్టుకున్నాక దగ్గేవాళ్లను, ఏడ్చేవాళ్లను, తాగొచ్చి తిట్టేవాళ్లను కూడా చూసింది. ఇంత మొండిఘటాన్ని మాత్రం చూడలేదు.

"డాక్టరమ్మా, గా రిపోర్టు తప్పు," అన్నాడు కూర్చోకుండానే.

"తప్పు కాదు కాకా. హైదరాబాదు ల్యాబోళ్లను మళ్లీ అడిగిన. అదే చెప్పిండ్రు."

బొగ్గుబాయి కార్మికుడు సదయ్యది సార్కాయిడోసిస్. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బు. ఏళ్ల తరబడి దాన్ని టీబీ అనుకుని ఎవరెవరో మందులు మింగించారు. గడ్డ ముక్క తీయించి అసలు పేరు కనిపెట్టింది దీపే. అయితే ఈ జబ్బు కొందరిలో దానంతటదే సద్దుమణుగుతుంది, కొందరిలో ఊపిరితిత్తులను తినేస్తుంది. ఎవరిది ఏ రకమో తేల్చే కొత్త రక్తపరీక్ష కోసం ఆమె హైదరాబాదు పరిశోధకులను బతిమాలింది. వాళ్ల మనిషి సదయ్య క్వార్టర్‌కే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. తీవ్రమైన రకమని తేలింది.

"ఒంట్ల జన్యువులన్నీ ఒక్కసారే పనిచేయవు కాకా," అంది దీప, చెప్పిందే చెబుతూ. "కొన్ని మేల్కొని ఉంటయి, కొన్ని పండుకుంటయి. జబ్బు ముదిరేటోళ్ల రక్తంల ఏవేవి మేల్కొంటయో ఆ పరీక్ష చూస్తది. జబ్బు లేనోళ్లల్ల అవి పండుకునే ఉంటయి. ఈ రక్తంల అవన్నీ మేల్కొనే ఉన్నయి."

"గట్లెట్లయితది? దగ్గు లేదు, ఆయాసం లేదు," అంటూనే ఖళ్లు ఖళ్లుమని దగ్గాడు సదయ్య.

నర్సు రాజకుమారికి నవ్వాగలేదు. "అందరు అన్‌ఫిట్ రాయమని కాళ్లు మొక్కుతరు మేడం. గీ కాక ఫిట్ రాయమని పంచాది పెడుతుండు."

నిజమే. బొగ్గుబాయి ఊళ్లలో లెక్క వేరు. బాయి పనికి తండ్రి అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కు కంపెనీలో నౌకరి. ఆ కాగితం కోసం లేని నొప్పులు తెచ్చుకునేవాళ్లున్నారు. సదయ్యకు ఆ కాగితమంటేనే హడల్. "ఇంట్లోళ్లు గా నౌకరి మీదనే కన్నేసిండ్రు. నా కొడుకు బాయిల దిగొద్దు డాక్టరమ్మా. గీ దుమ్ము నాతోనే ఆగిపోవాలె," అని మొదటి రోజే చెప్పాడు. ఆ మాటకు దీప అప్పట్లో జాలిపడింది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

"కొడుకు కోసమే గదా ఇదంతా? రేపు నువ్వు పోతే ఆ పిల్లగాన్ని ఎవరు చూస్తరు?"

సదయ్య బల్ల మీది రిపోర్టు వైపు చూశాడు. "గా రకమైతే... మందులకు నయమైతదా?" అన్నాడు.

"ఇప్పుడే మొదలుపెడితే ఆపొచ్చు. ఆలస్యమైతే నా చేతుల్ల లేదు."

"మల్లొక్కపారి పరీక్ష చెయ్యిండ్రి. మీ కాళ్లు మొక్కుత."

దీప బల్ల మీద ఫట్టున కొట్టింది. బయట కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"చెవిటోని ముందర శంఖం ఊదినట్టున్నది నా బతుకు! ఇగ చాలు కాకా. రేపటి నుంచి నువ్వు బాయి దిగేది లేదు. మందులు ఇయ్యాల్నే మొదలు. అన్‌ఫిట్ అని కంపెనీకి నేనే రాస్త."

కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఒక మనిషిని బతికించడానికి ఇంతగా పోట్లాడాల్సి రావడం ఏమిటని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

సదయ్య ఆపలేదు, అడ్డం రాలేదు. కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దీప కలం ఆగిపోయింది. రాజకుమారి మంచినీళ్లు తెచ్చింది. అతను ముట్టలేదు.

"నాకేం రాస్తరో రాసుకోండ్రి," అన్నాడు చివరికి.

దీప తలెత్తి చూసింది.

"నన్ను ఫిట్ అంటరని, ఆ దినం నా పేరు మీద రక్తమిచ్చింది నా కొడుకు ప్రశాంత్, డాక్టరమ్మా."